పెళ్ళిలో రెండు ముక్కలు మాట్లాడమంటే

పెళ్ళిలో స్నేహితులు మైకు పట్టుకుని మాట్లాడటం మన పద్ధతి కాదు, అమెరికా వాళ్ళని చూసి నేర్చుకున్న వేషం అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. మా పెద్దమ్మయితే "పెళ్ళా, రిటైర్మెంట్ ఫంక్షనా?" అని మొహం మీదే అడిగింది. ఆవిడ మాటలో కొంత నిజం లేకపోలేదు. ఈ మధ్య రిసెప్షన్లలో వినపడే స్పీచులు వింటుంటే నాకే మైకు లాక్కుని "భోజనాలకి పదండి" అని చెప్పాలనిపిస్తుంది. అయినా సరే, దగ్గరి స్నేహితులు పెళ్ళిలో మాట్లాడి తీరాలనే నేనంటాను. ఎవరి కోసం మాట్లాడుతున్నామో చూసుకోకపోవడం దగ్గరే వస్తోంది చిక్కంతా.

నా వాదన మొదలయ్యేది వాకబు దగ్గర. సంబంధం ఖాయం చేసుకునేముందు అటువాళ్ళు ఇటువాళ్ళ గురించి ఆరా తీస్తారు కదా. జాతకాలు కలిశాక, ఇచ్చిపుచ్చుకునే మాటలు ఇంకా తేలకముందు, పెళ్ళికొడుకు మేనమామో బాబాయో వేరే పని మీద వచ్చినట్టు ఆ వీధిలోకి వస్తాడు. మూలమీది కిరాణా కొట్లో సోడా తాగుతాడు, ఎదురింటావిడని పలకరిస్తాడు, ఇప్పుడైతే అదే ఆఫీసులో పనిచేసే తెలిసినవాళ్ళబ్బాయికి ఫోన్ కొడతాడు. ప్రశ్న ఎప్పుడూ ఒకటే, "అమ్మాయి ఎలాంటిదండీ?" జవాబూ ఎప్పుడూ ఒకటే, "బంగారమండీ, తలెత్తి మాట్లాడదు." అబ్బాయి గురించైతే "బంగారమండీ, ఏ అలవాట్లూ లేవు." అడిగినాయన తృప్తిగా బస్సెక్కుతాడు. ఆయనకి తెలిసిందేమీ లేదు, చెప్పినవాళ్ళు చెప్పిందీ ఏమీ లేదు.

నన్నూ అడిగారు. గుంటూరు దగ్గర ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్ళూ హాస్టల్లో నాతో ఒకే గదిలో ఉన్న స్నేహితురాలికి (పేరు రాయను, చదివితే ఊరుకోదు) సంబంధం వచ్చినప్పుడు, పెళ్ళికొడుకు పెదనాన్నగారు ఫోన్ చేసి "మీరు రూమ్మేటంట కదమ్మా, పిల్ల మంచిదేనా?" అన్నారు. "చాలా మంచిదండీ, కళ్ళు మూసుకుని చేసుకోండి" అన్నాను. అలాంటి ఫోన్లో ఇంకెవరైనా అనేది అదే. నిజమంతా చెప్పడానికి అది సమయం కాదు. ఒక్క మాట అటూ ఇటూ అయితే సంబంధం చెడిందని జీవితాంతం మన మీద ఉంటుంది. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు, అందరం ఆ వెయ్యిలో మన వంతు చెప్పి ఊరుకుంటాం.

సరే, పెళ్ళి అయిపోయింది. మూడు ముళ్ళూ పడ్డాయి, తలంబ్రాలూ అయ్యాయి. ఇక చెడిపోవడానికి సంబంధమేమీ లేదు, కలిసిపోయింది. ఇప్పుడైనా ఆ పెదనాన్నగారి ప్రశ్నకి నిజమైన జవాబు చెప్పొచ్చు కదా? స్నేహితులు పెళ్ళిలో చెప్పాల్సిన రెండు ముక్కలూ అవేనని నా నమ్మకం. వాకబుకి ఆలస్యంగా, అందరి ముందూ ఇచ్చే జవాబు. హాల్లో సగం మందికి పెళ్ళికూతురు ఎవరో తెలియదు, ఇకముందు బతకాల్సింది వాళ్ళ మధ్యనే. తెలిసినవాళ్ళలో అమ్మానాన్నలు చెప్తే ఎవరూ నమ్మరు, కన్నవాళ్ళు అలాగే అంటారంటారు. బంధువులు చెప్తే పొగడ్త. నాలుగేళ్ళు ఒకే బాత్రూమ్ క్యూలో నిలబడినవాళ్ళు చెప్తే, అదీ ఒకే ఒక్క సంగతి చెప్తే, దానికి విలువుంటుంది.

ఇక మన పద్ధతి కాదనే మాట. మన పెళ్ళంతా మాటలేనండీ. కన్యాదానంలో ప్రవర చదువుతారు, ఫలానా గోత్రంలో ఫలానావారి మునిమనవడు, ఫలానావారి మనవడు, ఫలానావారి కొడుకు అని అటు, అదే వరసలో ఇటు, మూడు తరాలు, మూడుసార్లు. సీతారాముల కళ్యాణంలో అయితే అటు నాభాగుడు, అజుడు, దశరథుడు, ఇటు స్వర్ణరోముడు, హ్రస్వరోముడు, జనకుడు. భద్రాచలంలో కళ్యాణానికి ముందురోజు ఎదురుకోలు జరుగుతుంది. అర్చకులు రెండు జట్లుగా విడిపోయి మా రాముడు గొప్పంటే మా సీతమ్మ గొప్పని వాదించుకుంటారు, మధ్యమధ్య ఎత్తిపొడుపులూ ఉంటాయి. దేవుడి పెళ్ళికే స్పీచులున్నాయి, రెండు వైపుల నుంచీ. కాకపోతే మామూలు పెళ్ళిళ్ళలో మిగిలింది ప్రవర ఒక్కటే, అది విన్నాక మనకి అమ్మాయి ముత్తాత పేరు తెలుస్తుంది (ముత్తవ్వ పేరు తెలియదు, ఆ గొడవ ఇంకోసారి), అమ్మాయి ఎలాంటిదో మాత్రం తెలియదు.

స్నేహితుల మాటకి కూడా ఒకప్పుడు చోటుండేది. మా తాతయ్య ట్రంకుపెట్టెలో ఆయన పెళ్ళినాటి కాగితం ఒకటుంది, వెలిసిపోయిన గులాబీ రంగుది, అంచు చుట్టూ పూలతీగ, పైన "వివాహ మహోత్సవ పంచరత్నములు", కింద "ఇట్లు మిత్రబృందము". అప్పట్లో చదువుకున్నవాళ్ళ పెళ్ళిళ్ళలో ఇది మామూలే. పెళ్ళికొడుకు స్నేహితులు ఐదు పద్యాలు రాయించి, అచ్చు వేయించి, పందిట్లో ఒకరు రాగం తీసి చదివితే మిగతావాళ్ళు కాగితాలు పంచేవారు. తాతయ్య కాగితంలో మొదటి నాలుగు పద్యాలూ ఏ పెళ్ళికైనా పనికొస్తాయి. వధువు సుగుణాల రాశి, వరుడు విద్యావినయ సంపన్నుడు, ఇద్దరూ రతీమన్మథులు, లక్ష్మీనారాయణులు, పేర్లు మార్చుకుంటే చాలు. ఐదోది మాత్రం సీసపద్యం, దాని కింద తేటగీతి, అందులో తాతయ్యకి బెజవాడలో కాఫీ హోటల్లో ఉన్న బాకీ గురించి రాశారు. ఆయన బాకీ అంతా స్నేహితులకి తాగించిన కాఫీలదేనట, ఇక మీదట ఆ లెక్క అమ్మగారు చూసుకుంటారట. మా అమ్మమ్మకి ఎనభై దాటాక కూడా ఆ తేటగీతి నోటికొచ్చేది. మొదటి నాలుగు పద్యాల్లో ఒక్క ముక్క కూడా గుర్తులేదు ఆవిడకి. కాపురానికి వచ్చిన కొత్తల్లో ఆవిడ చేసిన మొదటి పని ఆ హోటల్ బాకీ ఎంతో కనుక్కోవడం.

దండల పెళ్ళిళ్ళ సంగతి వేరే. హేతువాద కవి త్రిపురనేని రామస్వామి చౌదరిగారు పెళ్ళి తంతుని తెలుగులోనే రాసిపెట్టారు, వచ్చినవాళ్ళకి అర్థం కావాలని. గోరాగారి నాస్తిక కేంద్రం మంత్రాలు లేకుండా ఎన్నో కులాంతర పెళ్ళిళ్ళు చేసింది. ఎర్రజెండా వాళ్ళ పెళ్ళిళ్ళూ అంతే, స్టేజీ, మైకు, దండలు. ఆ పెళ్ళిళ్ళలో మాటలే మంత్రాలు. ఆశయం మీద నాకు చాలా గౌరవం ఉంది, కానీ మా అమ్మ వైపు ఒకాయన దండల పెళ్ళికి చిన్నప్పుడు వెళ్ళిన గుర్తు ఏంటంటే, వక్త తర్వాత వక్త లేచి అమెరికా సామ్రాజ్యవాదం మీద మాట్లాడుతుంటే పెళ్ళికూతురు చేతిలో దండ వాడిపోవడం. అంతసేపు మాట్లాడినవాళ్ళలో ఆ ఇద్దరి గురించి ఒక్కరు మాట్లాడిన గుర్తు లేదు. క్రైస్తవుల పెళ్ళిళ్ళలో చర్చిలో ప్రార్థన అయ్యాక పెద్దలు లేచి నాలుగు మంచి మాటలు చెప్పడం ఉంది, అది ఇంతకంటే నయం. మిగతా మన పెళ్ళిళ్ళలో చాలాకాలం మైకులో వినపడిందల్లా చదివింపులే. "పెదకాకాని వాస్తవ్యులు ఫలానావారి చదివింపులు నూటపదహార్లు!" ఎవరెంత ఇచ్చారో ఊరంతటికీ వినపడాలిగానీ పిల్ల ఎలాంటిదో వినపడక్కర్లేదన్నమాట.

అమెరికా స్పీచ్‌ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడి ఈవెంట్ వాళ్ళు దింపుతున్నది ఆ నమూనానే. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో మా పిన్ని కొడుకు పెళ్ళి జరిగితే తెనాల్లో మేమంతా పొద్దున్నే టీవీకి ఫోన్ కలిపి యూట్యూబ్ లైవ్‌లో చూశాం. రిసెప్షన్లో వాడి స్నేహితుడు లేచి ఇంగ్లీషులో ఐదారు నిమిషాలు మాట్లాడాడు. బాగా మాట్లాడాడు, తడబడలేదు, హాలు హాలంతా నవ్వింది. మాట్లాడిందంతా మావాడు యూనివర్సిటీలో ఏయే రాత్రి ఎక్కడెక్కడ పడిపోయాడో, ఎవరు మోసుకొచ్చారో. మా అమ్మమ్మ "ఏమంటున్నాడే, అంత నవ్వుతున్నారు?" అంది. "మంచివాడని అంటున్నాడు అమ్మమ్మా" అన్నాం ముగ్గురం ఒకేసారి. అక్కడ పుట్టి పెరిగిన పిల్లల మధ్య అలా ఆటపట్టించడం ప్రేమ కిందే లెక్క, దాన్ని తప్పుపట్టను. పెళ్ళికొడుకు గురించి అందరికీ ముందే తెలిసుంటే ఎంత ఆటపట్టించినా చెల్లుతుంది. మన హాల్లో కూర్చునేది మూడొందల మంది చుట్టాలు, అందులో రెండొందల మంది మనిషిని మొదటిసారి చూస్తున్నవాళ్ళు. వాళ్ళకి మొదట వినపడేది తాగుడు సంగతైతే ఇంటికెళ్ళాక గుర్తుండేదీ అదే.

నా దగ్గరికి వస్తాను. ఆ రూమ్మేట్ పెళ్ళి ఒంగోల్లో, రిసెప్షన్ రేపల్లె దగ్గర పెళ్ళికొడుకు వాళ్ళ ఊళ్ళో. "రిసెప్షన్లో రెండు ముక్కలు మాట్లాడవే" అని పెళ్ళికూతురే అడిగింది. వాళ్ళమ్మగారికి ఆ సంగతి తెలిసి నాకు ఫోన్ చేశారు.

"ఏం మాట్లాడతావమ్మా?"

"మెస్ సంగతి చెప్తానాంటీ."

"ఏ మెస్ సంగతి? ఆ పాలవాడితో గొడవా? అమ్మా తల్లీ, నీకు దణ్ణం పెడతాను. అత్తగారి ఊళ్ళో చెప్పాల్సిన మాటేనా అది? గయ్యాళి అనుకోరూ? నెమ్మదస్తురాలని చెప్పు, అందరితో కలిసిపోతుందని చెప్పు, చాలు."

ఆంటీ భయం నాకు అర్థంకాక కాదు. ఆడపిల్ల గురించి అత్తవారింట చెప్పుకోదగ్గ గుణాల జాబితా ఒకటుంది, అందులో మొదటి పది ఎంట్రీలూ నోరు లేకపోవడమే. కానీ ఆంటీతో నేను వాదించింది ఏంటంటే, నెమ్మదస్తురాలని నేను మైకులో సర్టిఫికెట్ ఇస్తే ఆ సర్టిఫికెట్‌కి తగ్గట్టు రేపటి నుంచి నటించాల్సింది మీ అమ్మాయే. మొదటిసారి అది నోరు తెరిచి "ఇది తప్పు" అన్నరోజు, "అబ్బో, పెళ్ళిలో ఏవేవో చెప్పారు" అంటారు. ఉన్న మనిషిని ఉన్నట్టు చెప్తే, అదీ నవ్వుతూ చెప్తే, ఆరోజే సగం అలవాటు పడిపోతారు. ఆంటీ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నారని ఇప్పటికీ చెప్పలేను. కానీ అడిగింది పెళ్ళికూతురు కాబట్టి ఆ కథ చెప్పమంటావా వద్దా అని దాన్నే అడిగాను. కాసేపు ఆలోచించి "చెప్పు, కానీ పాలాయన పేరు చెప్పకు" అంది.

కథ ఇది. మా హాస్టల్లో మెస్ డివైడింగ్ పద్ధతిలో నడిచేది, అంటే నెలంతా అయిన ఖర్చుని తిన్నవాళ్ళ లెక్కన పంచేసేవాళ్ళు. నెలకి ఇద్దరు పిల్లలు మెస్ చూసుకోవాలి. చాలామంది పేరుకి చూసేవాళ్ళు. దీని వంతు వచ్చిన నెలలో పెరుగు మీద పడింది దీని చూపు, గరిటె పెడితే నిలిచేది కాదు, మజ్జిగలా కారిపోయేది. వంటమనిషిని అడిగితే పాలే అంతన్నాడు. పాలాయన్ని అడిగితే గేదెలే అంతన్నాడు. ఇది ఇంకెవరితోనూ మాట్లాడలేదు. ఆదివారం గుంటూరు వెళ్ళి సైన్సు సామాన్లమ్మే షాపులో లాక్టోమీటర్ కొనుక్కొచ్చింది, తన డబ్బుతో. దాన్ని ముంచడానికి పొడుగాటి జాడీ కావాలి కదా, అది లేదు, లీటరు నీళ్ళ సీసా మెడ కత్తెరతో కోసి జాడీ చేసింది. సోమవారం తెల్లవారుజామున ఐదింటికి గేటు దగ్గర మెట్ల మీద ఆ సీసా పెట్టుకుని కూర్చుంది, పక్కన నిద్రమొహంతో నేను. పాలాయన వచ్చి క్యాను దింపాడు. ఇది లోటాతో పాలు తీసి సీసాలో పోసి మీటరు వదిలింది. చిక్కటి పాలైతే ఆ గాజుబుడ్డి పైకి తేలుతుంది, నీళ్ళు కలిపితే లోపలికి మునుగుతుంది. మునిగింది. పాలాయన మీటరు వంక చూశాడు, దాని వంక చూశాడు, "రేపట్నుంచి మంచివి తెస్తానమ్మా, వార్డెన్ గారికి చెప్పొద్దు" అన్నాడు. "చెప్పను. రేపూ కూర్చుంటాను" అంది. కూర్చుంది కూడా, ఆ నెలంతా. ఆ నెలలో మాకు గరిటెకి అంటుకునే పెరుగు దొరికింది, ఆయన వాడుక పోలేదు. తర్వాత సంక్రాంతికి ఆయన గేదె ఈనితే జున్ను పాలు తెచ్చి దాన్ని అడిగి మరీ ఇచ్చాడు.

ఇలాంటివి నా దగ్గర ఇంకా చాలా ఉన్నాయి. జ్వరం వస్తే కంచం పట్టుకొచ్చింది, పరీక్షల ముందు చదివించింది, బ్రేకప్ అయినప్పుడు ఓదార్చింది లాంటివి. అవన్నీ మొదట రాశాను, తర్వాత కొట్టేశాను. ఎందుకంటే వాటిలో జ్వరం నాది, పరీక్ష నాది, ఏడుపు నాది. స్నేహితుల స్పీచుల్లో తొంభై శాతం ఇక్కడే దారి తప్పుతాయి. పెళ్ళి వాళ్ళది, కథ మనది అవుతుంది. "నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్నో" అని స్టేజి మీద కన్నీళ్ళు పెట్టుకుంటే వీడియో బాగా వస్తుందేమోగానీ, ముందు వరసలో కూర్చున్న మేనత్తగారికి ఆ ఏడుపు దేనికో కూడా తెలియదు. నాకు కావాల్సింది ఆ ఊళ్ళో కూర్చున్నవాళ్ళకి అర్థమయ్యే కథ. అది పాడి ఉన్న ఊరు, ఇంటికి రెండు గేదెలుంటాయి, పొద్దునా సాయంత్రం పాలకేంద్రానికి పాలు పోసి వెన్నశాతం చీటీ తెచ్చుకునేవాళ్ళు. లాక్టోమీటర్ అంటే ఏంటో వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, వాళ్ళే నాకు చెప్తారు. హైదరాబాద్ గచ్చిబౌలిలో రిసెప్షన్ అయ్యుంటే ఇదే కథ చెప్పేదాన్నా అంటే అనుమానమే, అక్కడ పాలంటే ప్యాకెట్టు.

రాయడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మాట్లాడే తెలుగులో రాసుకోండి. "వేదికనలంకరించిన పెద్దలకు" దగ్గర మొదలుపెట్టి సర్పంచ్ గారి నుంచి ఫోటోగ్రాఫర్ దాకా పేరుపేరునా నమస్కారం పెట్టే సభల జబ్బు మనకుంది, "పెద్దలందరికీ నమస్కారమండీ" అంటే సరిపోతుంది. తర్వాత మీరెవరో ఒక్క వాక్యం. చేతిరాతలో పేజీన్నర దాటిందంటే కోయండి. ఫోన్లో చూసి చదవొద్దు, సరిగ్గా అప్పుడే ఏ క్యాటరింగ్ అతనో ఫోన్ చేస్తాడు.

అసలు కష్టమంతా ఎప్పుడు మాట్లాడాలన్న దగ్గర. ముహూర్తం టైంలో కుదరదు, సన్నాయి, బాజా, పంతులుగారి మైకు, అదంతా వాళ్ళ రాజ్యం, ఉండాల్సింది కూడా అలాగే. రిసెప్షన్ మొదలైతే రాజ్యం ఫోటోగ్రాఫర్‌ది. ఒక్కసారి కవర్లు పట్టుకుని క్యూ కట్టారంటే "సార్ ఇటు చూడండి, మేడమ్ కొంచెం లోపలికి" తప్ప ఇంకో మాట పెగలదు, ఆ క్యూని ఆపి స్పీచ్ చెప్తే శాపనార్థాలు పెడతారు, పాపం వాళ్ళు ఆకలితో ఉంటారు. ఉన్న సందు ఒక్కటే, జంట వచ్చి కూర్చున్న తర్వాత, క్యూ మొదలవ్వకముందు. దానికోసం నేను యాంకర్ అమ్మాయితో, డీజే అబ్బాయితో, ఫోటోగ్రాఫర్‌తో ముందే మాట్లాడుకోవాల్సి వచ్చింది. డీజే అబ్బాయి వెనకాల మెల్లగా మ్యూజిక్ వేస్తానన్నాడు, ఎమోషనల్‌గా ఉంటుందంట. వద్దు బాబూ అని బతిమాలాను. స్టేజి కూడా ఎక్కలేదు, కింద ముందు వరస పక్కన నిలబడి మాట్లాడాను. స్టేజి ఎక్కితే జంటకి వీపు చూపించాలి, లేకపోతే జనానికి. కింద నిలబడితే ముసలివాళ్ళ మొహాలు కనపడతాయి, వినపడుతోందో లేదో తెలిసిపోతుంది.

టెన్షన్ లేదని చెప్పను, కాగితం చెమటకి తడిసింది. పెదనాన్నగారి ఫోన్ దగ్గర మొదలుపెట్టాను. "సంబంధం చూసేటప్పుడు ఒక పెద్దాయన నాకు ఫోన్ చేసి పిల్ల మంచిదేనా అని అడిగారండీ, మంచిదేనన్నాను. అది ఎంత మంచిదో ఇప్పుడు చెప్తాను, ఇప్పుడైతే మీరు వెనక్కి తీసుకోలేరు." అక్కడ నవ్వారు. మెస్, పెరుగు, గుంటూరు, నీళ్ళ సీసా. నీళ్ళ సీసా మెడ కోసిందన్న దగ్గర ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వులొచ్చాయి. మీటరు మునిగిందన్న దగ్గర రెండో వరసలోంచి తెల్ల లాల్చీ ఆయనొకరు లేచి, మైకు అవసరం లేని గొంతుతో "ఎంత చూపించిందమ్మా?" అన్నారు.

నాకు గుర్తులేదు. కాగితంలో రాసుకోలేదు. నేను తడుముకునేలోపు పైన సోఫాలోంచి, పట్టుచీర, పూలజడ, నడుముకి వడ్డాణం, అన్నిటితో సహా కొంచెం ముందుకి వంగి పెళ్ళికూతురు "ఇరవై రెండండీ!" అంది.

"ఇరవై రెండా! నీళ్ళే!" అన్నాడు వెనకనుంచి ఇంకెవరో. ఇరవై ఆరుకి తగ్గితేనే అనుమానించాలట, మంచి గేదెపాలు ముప్ఫై దాకా చూపిస్తాయట. హాలంతా పాల మీద మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. లాల్చీ ఆయన ఇంకా కూర్చోలేదు. "వెన్న తీసేసి నీళ్ళు కలిపితే మీటరుకి దొరకదమ్మా, రీడింగు సరిపోద్ది. అది తెలుసా నీకు?" అని ఈసారి నేరుగా దాన్నే అడిగారు. "తెలుసండీ, అందుకే తోడు పెట్టి కూడా చూశాను" అంది. అప్పుడు కూర్చున్నారాయన. ఆ ఊరి పాలకేంద్రం చాలా ఏళ్ళు నడిపింది ఆయనేనని, నాకు ఫోన్ చేసిన పెదనాన్నగారూ ఆయనేనని భోజనాల దగ్గర తెలిసింది. "ఆరోజు ఫోన్లో ఇదంతా చెప్పలేదేంటమ్మా?" అన్నారు వడ్డించుకుంటూ. నేను ఏదో నవ్వేసి ఊరుకున్నాను. ఆయనకీ తెలుసు ఎందుకు చెప్పలేదో, ఆయన ఎంతమంది గురించి బంగారమని చెప్పుంటారో.

ఇదంతా నా స్పీచ్ గొప్పతనమని చెప్పడం లేదు. నేను రాసుకున్న ముగింపు, దీవెనలు, కవితలాంటి రెండు లైన్లు, ఏవీ చెప్పకుండానే అయిపోయింది, ఎవరూ అడగలేదు కూడా. ఆ పావుగంటలో జరిగిందేంటంటే పెళ్ళికూతురు తన అత్తవారి ఊరితో మొదటిసారి మాట్లాడింది, తనకి తెలిసిన విషయం మీద, తన గొంతుతో. రిసెప్షన్లో సోఫాలో బొమ్మలా కూర్చుని మూడు గంటలు నవ్వడం తప్ప ఆడపిల్లకి వేరే పని ఉండదు, చూశారో లేదో. అబ్బాయికైనా అంతే.

మరీ నిజం చెప్తే ప్రమాదం కదా అనేవాళ్ళకి, అవును, ప్రమాదమే. పాత ప్రేమలు, తప్పిన సంబంధాలు, జీతాలు, ఒళ్ళు, రంగు, ఇంట్లో గొడవలు, వీటి జోలికి వెళ్ళకూడదని వేరే చెప్పాలా? అత్తగారి ముందు తను కూడా నవ్వుతూ చెప్పుకోగలిగిన సంగతే మనం చెప్పాలి. ఏ కథ చెప్తామో పెళ్ళివాళ్ళకి తెలియాలి. వాళ్ళమ్మకి తెలియాలా అంటే, నా అభిప్రాయంలో అక్కర్లేదు. తల్లులు ఎప్పుడూ మొదటి నాలుగు పద్యాలే కావాలంటారు.

ఆ నాలుగు పద్యాలే ఇప్పుడు చాట్‌జీపీటీ రాసిపెడుతోంది. ఈ మధ్య ఒక రిసెప్షన్లో పెళ్ళికొడుకు ఆఫీసు స్నేహితుడు ఫోన్ చూస్తూ "ప్రేమ, నమ్మకం, పరస్పర గౌరవం అనే మూడు స్తంభాలపై" అని చదువుతుంటే నాకు తాతయ్య గులాబీ కాగితమే గుర్తొచ్చింది. తిట్టాలనిపించలేదు, అప్పుడు డబ్బులిచ్చి కవిగారితో రాయించేవారు, ఇప్పుడు ఊరికే వస్తోంది. కాకపోతే కాఫీ హోటల్ బాకీ సంగతి దానికి ఎవరు చెప్తారు? అది తెలిసినవాడు తనే రాసుకోగలడు, దానికి యంత్రమక్కర్లేదు.

ఒంగోలు ఆంటీ సంగతి అడుగుతారేమో. ఆవిడకి నా మీద కోపం ఇంకా పోలేదు, కానీ కారణం మారింది. అత్తవారింట్లో దీన్ని గయ్యాళి అని ఎవరూ అనలేదుగానీ, వాళ్ళు మూడు గేదెల పాల లెక్క, కేంద్రం చీటీలు, పదిహేను రోజులకోసారి వచ్చే డబ్బు, మొత్తం తెచ్చి కొత్తకోడలి చేతిలో పెట్టారు. ఇది చేసేదేమో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంటి నుంచి. "నువ్వు నోరు మూసుకునుంటే నా కూతురికి ఈ పేడ లెక్కలు తప్పేవి" అన్నారావిడ మొన్న ఫోన్లో. కూతురు మాత్రం వెన్నశాతం మీద కేంద్రం వాళ్ళతో అప్పుడే ఒక గొడవ పెట్టుకుందని, పెదనాన్నగారు దాని వైపేనని వినికిడి.

వచ్చే మాఘంలో ఇంకో పెళ్ళి ఉంది, ఈసారి పెళ్ళికొడుకు మా వాడు, కాలేజీలో మా బ్యాచే. రిసెప్షన్లో రెండు ముక్కలు మాట్లాడమన్నాడు. మంచివాడే, ఏ అలవాట్లూ లేవు, అందరికీ సాయం చేస్తాడు. చూశారా, నేనూ వాకబు భాషలోకి దిగిపోయాను. పెళ్ళికూతురు వాళ్ళది వరంగల్ వైపు, బట్టల వ్యాపారం. వాళ్ళ కౌంటర్ దగ్గర కూర్చున్న మనిషికి నచ్చేలాంటి ఒక్క సంగతి వాడి గురించి నా దగ్గర ఉందా అని వెతుక్కుంటున్నాను, ఇంకా దొరకలేదు. దొరక్కపోతే మైకు తీసుకోను, క్యూలో నిలబడి ఫోటో దిగి భోజనానికి వెళ్ళిపోతాను అని వాడికి ముందే చెప్పేశాను. వాడేమో అప్పట్నుంచి రోజూ ఫోన్ చేసి "ఆ రోజు బస్టాండ్లో నేను చేసింది గుర్తుందా?" అని కథలు అందిస్తున్నాడు. అన్నిట్లోనూ వాడే హీరో.